చుక్కి మంద కుక్క అయ్యేసరికి

2023 డిసెంబరు మొదట్లో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు మా దొడ్డిలో తొమ్మిది గొర్రెపిల్లలు పోయాయి. వానకు తడిసి చలికి చచ్చినవి రెండే. మిగతావి ఊరకుక్కల నోట పడ్డాయి. గాలికి ఒకవైపు వల పడిపోయింది, కరెంటు లేదు, వాన హోరులో జీవాల అరుపు ఇంట్లోకి వినపడలేదు. ఊరకుక్కలు ఆకలికి చంపితే ఒకదానితో ఆగుతాయి. ఇవి మెడ కొరికి వదిలేసి ఇంకోదాని మీద పడ్డాయి. ఒక్కదాన్నీ సరిగా తినలేదు. నాలుగు నెలల పిల్ల అప్పుడు సంతలో నాలుగున్నర వేలకు తక్కువ లేదు, లెక్క మీరే వేసుకోండి.

మాది నెల్లూరు జిల్లా దుత్తలూరు వైపు చిన్న పల్లె. ఎనభై లోపు జీవాలు. ఎక్కువ జోడిపి రకం గొర్రెలు, కొన్ని ఎర్రవి. మంద వెంట మా ఆయన, మా మామ పోతారు. ఇంటి దగ్గరుండే పిల్లలు, ఈనే గొర్రెలు నా వంతు. అప్పటికే మాకొక కుక్క ఉంది, నల్లోడు. పన్నెండేళ్లు దాటాయి, చెవులు పోయాయి. ఆ రాత్రి వసారాలో గోనె మీద పడుకునే ఉన్నాడు. వాడినేం అంటాం?

కొత్త కుక్కపిల్ల కావాలని అప్పుడే అనుకున్నాం గానీ, దొరికేసరికి సంక్రాంతి దాటింది. ఊళ్లో పిల్లలు చాలానే ఉన్నాయి. మా మామ ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. "పిల్లని చూసేది కాదు అమ్మాయ్, తల్లిని చూడాల. తల్లి రేత్రి యాడ పండుకుంటాదో అడుగు. ఇంటికాడ పండుకునే కుక్క పిల్ల ఇంటికే పనికొస్తది" అన్నాడు. చివరికి ఉదయగిరి కొండ కింద మా దూరపు బంధువుల మందలో దొరికింది. తల్లి మంద మధ్యలోనే పడుకుని ఉంది, మేం దగ్గరికి పోతే లేచి గొర్రెలకూ మాకూ మధ్యన నిలబడింది గానీ కరవడానికి రాలేదు. మామకు అది చాలు. డబ్బులు వద్దన్నారు. ఆ ఇంటి పిల్లాడి చేతిలో ఐదొందలు పెట్టి, రెండు నెలలు కూడా నిండని ఆడపిల్లను సంచిలో వేసుకుని వచ్చాం. నుదుటి మీద తెల్లచుక్క ఉంది, పేరుకు ఎవరూ కష్టపడలేదు.

చుక్కిని ఇంట్లోకి రానివ్వకూడదని మామ మొదటిరోజే చెప్పేశాడు. నేరుగా గొర్రెపిల్లల దడిలో వదిలాం. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి దాన్ని పక్కలో వేసుకుని పడుకోవాలని ఆశపడ్డాడు, నాకూ మనసొప్పలేదు. మొదటి రాత్రులు అది చేసిన గోల అంతా ఇంతా కాదు. మామ మాత్రం మంచం మీద అటు తిరిగి పడుకుని, "ఎవురూ పోబాకండి. మీరు పోతే రేపు గూడా మీ కోసమే ఏడస్తది" అన్నాడు. ఒకరోజు తెల్లారి పాలు తాపడానికి పోతే ఏడుపు లేదు. గొర్రెపిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడుకున్న చోట, అడుగున దాని తోక కనిపించింది. చలికి అదే పోయి దూరింది.

ఆ నెలంతా నేను దగ్గరుండి చూశాను. తల్లి దగ్గర పాలు తాగి వచ్చిన పిల్ల మూతికి నురగ ఉంటే చుక్కి నాకేది. పిల్లల పెంటికలు కూడా తినేది, మొదట్లో నాకు కడుపులో తిప్పేది. ఈనిన గొర్రెలు దాన్ని చూసి ముందుకాలు నేలకేసి కొట్టేవి. ఒక ముసలి గొర్రె అయితే కుమ్మి దడికంపలో పడేసింది. ముళ్లు తీసి పసుపు రాశాను. ఆ తర్వాత పెద్ద గొర్రె ఎదురైతే చుక్కి చెవులు వెనక్కి వేసి పక్కకు తప్పుకునేది. మామ సంతోషపడ్డాడు. గొర్రెకు భయపడని కుక్క మందకు పనికిరాదంటాడాయన.

తిండి దగ్గర ఒక సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. సంగటి, మజ్జిగ, అప్పుడప్పుడు గుడ్డు, ఇవి దడిలోనే గిన్నెలో పెడుతుంటే గొర్రెపిల్లలు వచ్చి తినేశాయి. ఉడికిన గింజ ఎక్కువైతే జీవాలకు పొట్ట పులిసి ఉబ్బుతుంది. ఒక పిల్ల పళ్లు నూరుతూ పడిపోతే సోడా ఉప్పు నీళ్లు తాపి రాత్రంతా కూర్చున్నాను. తర్వాత మూలన రెండు కర్రలు అడ్డం కట్టి, కుక్కపిల్ల మాత్రమే దూరేంత సందు పెట్టి లోపల గిన్నె పెట్టాను. చుక్కి పెరిగేకొద్దీ సందు పెంచుకుంటూ పోవాలి, గొర్రెపిల్లలూ పెరుగుతుంటాయి మరి. అదొక తలనొప్పి.

టీకాల ఖర్చు మా ఇంట్లో ఎవరూ ఊహించలేదు. పల్లె కుక్కకు సూదులేంటని అత్త నవ్వింది. కుక్కపిల్లలకు వచ్చే రక్తవిరేచనాల రోగానికి, మిగతా రోగాలకు కలిపి వేసే సూది దగ్గర్లో దొరకలేదు. నెల్లూరులో ప్రైవేటు క్లినిక్‌కు పోయాం. సూదికి ఆరొందలు, బస్సు ఛార్జీలు వేరే, సగంరోజు పోయింది. మూడు నాలుగు వారాలకు మళ్లీ అదే. ఆ వేసవిలోనే చుక్కి తోబుట్టువులు రెండు రక్తవిరేచనాలతో పోయాయని కొండ కింద నుంచి ఫోన్ వచ్చింది. అత్త మళ్లీ నవ్వలేదు. రేబిస్ సూది మూడు నెలలు నిండాక వేయించాం. జూలై 6న జునోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు వచ్చే రోగాల దినం) అని పశువుల ఆసుపత్రుల్లో ఆ టీకా ఉచితంగా వేస్తారు, ఆరోజు నల్లోణ్ణి కూడా తాడు కట్టి తీసుకుపోయాం.

ఏప్రిల్, మే నెలల్లో అసలు టెన్షన్ మొదలైంది. ఐదు నెలల వయసుకు చుక్కికి ఆట ముదిరింది. గొర్రెపిల్ల పరిగెడితే చాలు, వెంటపడేది. చెవులు పట్టుకుని లాగేది. ఒక జోడిపి పిల్ల చెవి కొస తెగిపోయింది. రక్తం చూసి మా ఆయన కర్ర తీశాడు. కొడితే జీవాలంటే భయమో కోపమో పట్టుకుంటుందని మామ ఆపాడు. తుమ్మకర్ర మూరెడు ముక్క కోసి, తాడుతో దాని మెడకు వేలాడదీశాడు. నడిస్తే ఇబ్బంది లేదు, పరిగెడితే కర్ర ముందుకాళ్లకు తగులుతుంది. ఆ గుదికర్రతో నెలన్నర పైనే తిరిగింది. మధ్యలో రెండు తాళ్లు కొరికేసింది, చివరికి పాత స్కూటర్ గొలుసు వేశాం. చూడ్డానికి జాలిగా ఉంటుంది గానీ, తిట్లకు లొంగనిది ఆ కర్రకు లొంగింది.

మా అబ్బాయి ఫోన్‌లో విదేశాల కుక్కల వీడియోలు చూపించేవాడు. ఈల వేస్తే ఎడమకు, ఇంకో ఈలకు కుడికి పోయి, నేలకు ఆనుకుని పాకుతూ గొర్రెల్ని గేటులోకి తోలేస్తాయి. మామ మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసి, "కుక్కే అంతా చేస్తే మనమెందుకురా" అన్నాడు. మన మందల్లో కాపరి ముందు నడిచి పిలుస్తాడు, జీవాలు వెంట వస్తాయి. తోలడం కుక్క పని కాదు. రాత్రి కాపలా, పగలు మందలోకి ఊరకుక్క రాకుండా చూసుకోవడం, ఇవే దాని పనులు. ఇంకొకటి చుక్కి నల్లోణ్ణి చూసి నేర్చుకుంది. మినుము చేను పక్కన మంద పోతుంటే చేనుగట్టు మీద నడుస్తుంది. గొర్రె అటు మూతి పెడితే అరవదు, అడ్డంగా నిలబడుతుంది. అది మేం నేర్పింది కాదు. దానివల్ల మా ఊళ్లో రైతులతో తగాదాలు చాలా తగ్గాయి.

ఆగస్టులో వచ్చింది మాకు తెలియని రోగం. ఏడాది వయసున్న జోడిపి ఒకటి మందలో వెనకపడసాగింది. తల ఎడమకు వంచి, ఎడమవైపే గుండ్రంగా తిరిగేది. గోడ దగ్గరికి పోతే తల గోడకు ఆనించి అలాగే నిలబడిపోయేది. అత్త గాలి సోకిందని వేపమండలతో తీసింది. మా ఆయన జ్వరం సూది వేశాడు. రెండు వారాలు అలాగే గడిచాయి, మేత తగ్గి నడుము ఎముకలు తేలాయి. చివరికి నేను వీడియో తీసి రైతు సేవా కేంద్రంలో పశువుల అసిస్టెంటుకు చూపించాను. ఆయన చూసిన వెంటనే, "ఇంట్లో కుక్కలున్నాయా?" అని అడిగాడు. గొర్రె రోగానికి కుక్క గురించి ఎందుకడుగుతున్నాడో నాకర్థం కాలేదు. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయించాడు, మర్నాడు బండి వచ్చింది.

డాక్టరుగారు గొర్రె తల మీద బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ పోయారు. కొమ్ము మొదలుండే చోటుకు వెనక ఒకచోట ఆగి, నా వేలు పట్టుకుని అక్కడ పెట్టారు. ఎముక గట్టిగా లేదు, నొక్కితే లోపలికి దిగుతోంది. మెదడు మీద నీటితిత్తి పెరిగి పైఎముకను పలచన చేసిందట. గిడ్ అంటారు, తల తిరుగుడు రోగం. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: కుక్క పేగులో ఒకరకం బద్దెపురుగు ఉంటుంది. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి. గడ్డితో పాటు గొర్రె కడుపులోకి పోతాయి. అక్కడ గుడ్లు పగిలి వచ్చిన పిల్లపురుగులు మెదడుకు చేరి తిత్తి అవుతాయి, పైకి కనపడేసరికి నెలలు పడుతుంది. ఆ గొర్రె చచ్చాక తలను కుక్క తింటే, తిత్తిలోని పురుగు తలకాయలు మళ్లీ కుక్క పేగులో పురుగులవుతాయి. మా పల్లెలో చచ్చిన జీవాన్ని చెరువుకట్ట అవతల పడేస్తారు. జాతరలప్పుడు తలలు, పేగులు కుక్కలకే. చుక్కి వచ్చి అప్పటికి ఏడెనిమిది నెలలే, నల్లోడు పన్నెండేళ్లుగా అవే తింటున్నాడు. మందను కాసేదీ వాడే, రోగం పంచిందీ బహుశా వాడే.

ఆపరేషన్ చేస్తే బతకొచ్చు, గ్యారంటీ లేదన్నారు. మా ఆయన లెక్కేశాడు. గొర్రె ఖరీదు తొమ్మిది వేలు, ఆటో, మందులు కలిపి మూడు వేల పైన. కోతకు అమ్మేద్దామన్నాడు. ఊళ్లో అందరూ చేసేది అదే. అమ్మితే ఆ తల ఏ ఊరి కుక్క నోట్లోకో పోతుంది, ఆ కుక్క మళ్లీ ఏ మంద దారినో తిరుగుతుంది. ఇదంతా నేనిప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ ఆరోజు ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. చివరికి టౌను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. తల మీద వెంట్రుకలు గొరిగి, మత్తు సూది వేసి, మెత్తగా ఉన్నచోట చిన్న రంధ్రం చేశారు. నేను కాళ్లు పట్టుకున్నాను. పలచని తిత్తి మెల్లగా బయటికి జారింది, కోడిగుడ్డంత ఉంది. లోపల తేటనీళ్లు, గోడకు గుంపులు గుంపులుగా తెల్లచుక్కలు, అచ్చం ఉడికీ ఉడకని సగ్గుబియ్యం. ఒక్కో చుక్కా ఒక్కో పురుగవుతుందట. పదిరోజులు చీకటి కొట్టంలో కట్టేసి సూదులు వేశాం. మెల్లగా తిన్నగా నడిచింది. ఈ ఏడాది ఈనింది కూడా. ఇంకో పిల్లకు సెప్టెంబరులో అదే వచ్చింది, దానికి ఎముక ఎక్కడా మెత్తబడలేదు, తిత్తి లోతుగా ఉందన్నారు. బతకలేదు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం.

కుక్కలకు ఆ పురుగులు పోవడానికి వేసే మాత్ర సంగతి చెప్పాలి. ప్రాజిక్వాంటెల్ కలిసిన బిళ్ల, పదికిలోల బరువుకు ఒకటి. అప్పట్లో ఒక్కో బిళ్ల యాభై రూపాయల లోపే పడింది. మూడు నెలలకోసారి వేయాలి. బెల్లంలో పెడితే చుక్కి మింగుతుంది, నల్లోడు బెల్లం తిని బిళ్ల ఉమ్మేసేవాడు, వాడికి ఎండుచేప కావాలి. మాత్ర వేశాక రెండు రోజులు కట్టేసి ఉంచి, ఆ మలాన్ని పారతో తీసి గోతిలో వేసి కాల్చాలి, లేదంటే రాలిన పురుగుల గుడ్లన్నీ మళ్లీ మేతలోకే. ఇది ఎవరూ చెప్పరు. పిల్లలు కుక్కతో ఆడాక సబ్బుతో చేతులు కడగాలని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. గొర్రె కాలేయం, ఊపిరితిత్తుల్లో తిత్తులు పెట్టే ఇంకో పురుగుంది, అది మనుషులకూ వస్తుంది. పచ్చి తలకాయ, పేగులు మా ఇంట్లో ఇప్పుడు ఏ కుక్కకూ పెట్టం. కోళ్ల కొట్టు నుంచి తెచ్చే కాళ్లు, తలలైనా ఉడికించే పెడతాం.

ఈ గొడవ సర్దుకుంటుండగానే చుక్కి ఎదకు వచ్చింది. మూడు వారాల పాటు మా దొడ్డి చుట్టూ చుట్టుపక్కల మగకుక్కలన్నీ కాపురం పెట్టాయి. ఏ కుక్కలు రాకూడదని దీన్ని తెచ్చుకున్నామో అవే వచ్చి వల పక్కన పడుకున్నాయి. జీవాలు రాత్రంతా నిలబడే ఉండేవి. చుక్కిని దాణా గదిలో పెట్టి తాళం వేస్తే తలుపు గోకి గోకి గోళ్లు అరగదీసుకుంది. మగకుక్క అయితే ఈ బాధ ఉండదని అందరూ అన్నారు. నేనొప్పుకోను. నల్లోడు వయసులో ఉన్నప్పుడు ఆ సీజనులో మందను వదిలేసి రోజుల తరబడి పోయేవాడు. ఎద ఆగిన రెండు నెలలకు, డిసెంబరులో, నెల్లూరు తీసుకెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఐదువేలు ఫీజు, మందులు, రాకపోకలు కలిపి ఎనిమిది వేలు దగ్గరపడింది. కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు పెట్టారు. దాన్ని చూసి మంద మొత్తం బెదిరి దొడ్డికి అటు చివరకు పోయింది. తాను పెరిగిన జీవాలే తనను చూసి పారిపోతుంటే చుక్కికి ఏం అర్థం కాలేదు. దగ్గరికి పోయేది, అవి మళ్లీ పరిగెత్తేవి. కుట్లు విప్పేదాకా వేరేగా కట్టేశాం.

ఫిబ్రవరిలో నల్లోడు పోయాడు. మార్చిలో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు వరికోతలు మొదలయ్యాక మంద కిందికి దిగింది, చుక్కికి అదే మొదటిసారి. కోసిన మళ్లలో పగలు మేపుకుని, రాత్రి రైతు పొలంలో మంద కడతారు. ఎరువు పడుతుంది కాబట్టి రాత్రికి ఇంతని రైతు ఇస్తాడు. దారిలో తారురోడ్డు మీద మధ్యాహ్నం నడిపిస్తే చుక్కి అరికాళ్లు బొబ్బలెక్కాయి. గొర్రె గిట్ట తట్టుకునే ఎండకు కుక్క కాలు తట్టుకోదు. అక్కడి నుంచి పొద్దున, సాయంత్రమే నడిచారు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి కోవూరు దగ్గర ఐదారు ఊరకుక్కలు వల దగ్గరికి వచ్చాయి. చుక్కి వల దూకి అడ్డుకుంది. మా ఆయన కర్ర పట్టుకుని మధ్యలో దూరితే ఒకటి పిక్క పట్టింది. జీవం ఒక్కటీ పోలేదు. చుక్కి భుజం చీలింది, ఈయన కాలి నుంచి రక్తం కారింది. నాకు ఫోన్ చేసి, "ఏం లేదులే, గీరింది" అన్నాడు. నేను వినలేదు. ఫోన్‌లోనే ఉండి పావుగంట సేపు సబ్బు, నీళ్లతో కడిగించాను. పసుపు, కారం పెట్టవద్దని మామకు గట్టిగా చెప్పాను. తెల్లారి ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ మొదటి సూది వేశారు. రక్తం వచ్చింది కాబట్టి గాయంలోనే సీరం వేయాలని నెల్లూరు పెద్దాసుపత్రికి పంపారు. గాయం చుట్టూ ఆ సూది వేసినప్పుడు కుక్క కరిచినప్పటికంటే ఎక్కువ అరిచాడట, మామ చెప్పి నవ్వుతాడు. తర్వాత మూడోరోజు, ఏడోరోజు, ఇరవై ఎనిమిదో రోజు. డబ్బులేం తీసుకోలేదు. మందతో తిరిగేవాళ్లు భయపడేది ఇక్కడే: ఇరవై ఎనిమిదో రోజుకు మనం ఏ ఊళ్లో ఉంటామో ఎవరికి తెలుసు? చీటీ జాగ్రత్తగా పెట్టుకుంటే చాలు. ఆఖరి సూది తిరుగుదారిలో కలిగిరి వైపు వేయించుకున్నాడు, చీటీ చూసి ఏమీ అడగకుండా వేశారు. చుక్కికి ముందే టీకా ఉన్నా మళ్లీ వేయించాలన్నారు, వేయించాం. దాని గాయానికి మాత్రం ఈగలు వాలి పురుగులు పడ్డాయి. మామ రోజూ స్ప్రే కొట్టి, పటకారుతో ఒక్కొక్కటీ తీశాడు. మూడు వారాలు పట్టింది. ఆ రాత్రుల్లో కుంటుకుంటూనే వల చుట్టూ తిరిగేదట.

ఇప్పుడు ఎనభై జీవాలకు ఒక్క కుక్క చాలదని తేలింది. అటువైపు నుంచి ఇంకో రెండు వచ్చుంటే చుక్కి ఒక్కతే ఆపలేకపోయేది. చుక్కికి పిల్లలు పుట్టవు కాబట్టి బయటి నుంచే తెచ్చుకోవాలి. మొన్న మామ సీతారామపురం వైపు ఒక మందలో తల్లి కుక్కను చూసి వచ్చాడు, రాత్రి గొర్రెల మధ్యనే పడుకుందట. ఈసారి మొదటి సూది అక్కడే వేయించి, వాటి తల్లికి పురుగుల బిళ్ల కూడా వేశాకే పిల్లను ఇమ్మన్నాం. ఆ ఖర్చు మీదేనన్నారు. సరేనన్నాం.